తిట్టే ముందు చక్రం ఊపి చూడండి

మొన్న మా ఖాందానులో ఒక దావత్ జరిగింది. బిర్యానీ అయిపోయి ఖుబానీ కా మీఠా గిన్నెలు చేతుల్లోకి వచ్చేసరికి మాటలు పిల్లల మీదికి మళ్ళాయి. ఎవరి పిల్లాడు ఏం పగలగొట్టాడు, ఎవరింట్లో ఎంత నుక్సాన్ అయింది అని అందరూ హిసాబ్ చెప్పుకుంటున్నారు. మా ఖాలూ నావైపు తిరిగి, "నీ కొడుకు రిమోట్ కారు మళ్ళీ విరగ్గొట్టాడంటగా! పారేసి ఇంకోటి కొనియ్యరాదూ? ఆ పుర్జాలు పట్టుకుని రాత్రిళ్ళు కూర్చుంటావేంటి? వాణ్ణి మెకానిక్‌ని చేస్తావా?" అన్నాడు.

అందరూ నవ్వారు. మావాడు మాత్రం తల దించుకున్నాడు. పన్నెండేళ్ళ పిల్లాడు నలుగురిలో అలా తల దించుకుంటే తండ్రికి ఎలా ఉంటుందో మీకు తెలుసు. నాకు ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకంటే ఆ కారు విషయంలో కసూర్ వాడిది కాదని అప్పటికే నాకు తెలుసు. మూడుసార్లు వాణ్ణి తిట్టింది నేను. తప్పు చేసిందీ నేనే.

ఖాలూ అడిగిన దానికి దావత్‌లో జవాబు చెప్పలేదు. పెద్దాయన, పైగా చేతిలో మీఠా ఉంది. ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఒక్కడికే కాదు, ఆయనలా మాట్లాడే మనందరికీ.

ముందు కారు సంగతి. వాళ్ళ మామూ షార్జా నుంచి వస్తూ తెచ్చాడు. పదో వంతు సైజు, నాలుగు చక్రాలూ తిరిగేది. పెట్టెలోంచి తీసి చార్జింగ్ పెడితే చాలు, పరిగెత్తే రకం. దానితో వచ్చిన బ్యాటరీ 7.4 వోల్టులది. ఆరు నెలలు నిక్షేపంగా నడిచింది. తరువాత పుట్టినరోజుకి నేను షౌఖుగా 11.1 వోల్టుల బ్యాటరీ కొనిచ్చాను. "కంట్రోలర్ తట్టుకుంటుంది సాబ్, ఫికర్ లేదు" అన్నాడు దుకాణదారు. కంట్రోలర్ నిజంగానే తట్టుకుంది. మిగతావి తట్టుకుంటాయా అని నేనూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

నెల తిరగకుండా స్పర్ గేరు పళ్ళు ఊడాయి. మోటారు మీద చిన్న పినియన్ ఉంటుంది, అది తిప్పే పెద్ద పళ్ళ చక్రమే స్పర్. "గుద్దేశావా?" అని వాడి మీద అరిచాను. "లేదబ్బా, నెమ్మదిగానే నడిపా" అన్నాడు. నమ్మలేదు. కొత్త స్పర్ వేశాను, ఎనిమిది రోజుల్లో అదీ పోయింది. ఈసారి ఇంకా గట్టిగా తిట్టాను. దుకాణదారు "ప్లాస్టిక్ కదా సాబ్, మెటల్ వేయించెయ్యండి, జిందగీ భర్ ఉంటుంది" అంటే మెటల్ వేయించాను. రెండు వారాలకి వెనక కుడివైపు కప్పు విచ్చుకుపోయింది. డిఫరెన్షియల్ నుంచి చక్రానికి తిప్పుడు మోసుకెళ్ళే సన్నటి కడ్డీని డాగ్‌బోన్ అంటారు. దాని రెండు చివర్లా అడ్డంగా పిన్ను ఉంటుంది, ఆ పిన్ను కప్పులో కూర్చుంటుంది. కప్పు మార్చాక అదే వైపు యాక్సిల్ పిన్ను విరిగింది.

మూడోసారి తిట్టాక వాడు కారు ఈద్గా మైదానానికి తీసుకెళ్ళడమే మానేశాడు. "నాకొద్దులే అబ్బా" అన్నాడు. నేను దాన్ని జిద్ అనుకున్నాను. అది జిద్ కాదు, భయం. విరగడమేమో విరుగుతుంది, విరిగినప్పుడల్లా ఇల్జామ్ తన మీదికే వస్తుంది. అలాంటి వస్తువుని ఎవరు ముట్టుకుంటారు?

ఒక ఇత్వార్ నాడు ఇల్లు సర్దుతుంటే వాడి మంచం కింద బిస్కెట్ల డబ్బా దొరికింది. తెరిస్తే విరిగిన ముక్కలన్నీ అందులోనే ఉన్నాయి. పళ్ళు పోయిన రెండు స్పర్లు, విచ్చుకుపోయిన కప్పు, రెండు ముక్కలైన పిన్ను. "ఎందుకు దాచావురా?" అంటే, "ఎప్పుడైనా నువ్వు చూస్తావని" అన్నాడు.

మా అబ్బాజాన్ మర్హూం విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. హౌసింగ్ విప్పినా, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ మార్చినా, పాత పుర్జా ఓనరు చేతిలో పెట్టేవాడు. ముక్క చూడకుండా కొత్తది బిగించేవాణ్ణి ఆయన మెకానిక్ అనేవాడు కాదు, పార్టులు అమ్మేవాడు అనేవాడు. ఆయన కొడుకునై ఉండి నేను చేసింది అచ్చం అదే. మూడు పార్టులు మార్చాను, ఒక్క ముక్క కూడా చూడలేదు. నా కొడుకు ముక్కలు జమ చేశాడు, గవాహీ కోసం.

ఆ రోజు ఇద్దరం కింద చాప మీద కూర్చున్నాం. ముక్కలన్నీ వరసగా పేర్చాం. స్పర్ పోతే ఏ మూల నుంచి దెబ్బ వచ్చిందో తెలియదు. కానీ మిగతా రెండూ వెనక కుడివైపువే. కారు బోర్లించి ఆ చక్రాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ ఊపాను. కటకటమంది. ఎడమ చక్రం ఊపితే చప్పుడు లేదు. అంతే, ఫైసలా అయిపోయింది. చక్రం లోపల యాక్సిల్ తిరిగే చోట బాల్ బేరింగు లేదు, బుష్ ఉంది. అది దుమ్ముకి అరిగి, గుండ్రంగా ఉండాల్సిన బొక్క కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. యాక్సిల్ వంకరగా ఊగుతోంది. ఊగినప్పుడల్లా డాగ్‌బోన్ పిన్ను కప్పులో ఓసారి పట్టేస్తోంది, ఓసారి జారుతోంది. పట్టేసినప్పుడు ఆ దెబ్బ వెనక్కి పోయి, మొత్తం వరసలో ఏది కమ్‌జోర్‌గా ఉంటే దాన్ని తింటోంది. మొదట ప్లాస్టిక్ స్పర్‌ని తిన్నది. దాన్ని నేను మెటల్ చేశాక కప్పుని, ఆ తరువాత పిన్నుని.

బుష్ ఎందుకు అరిగింది? నేనే దానికి దిట్టంగా గ్రీజు పట్టించాను. మైదానంలో ఇసుక ఆ గ్రీజుకి అంటుకుని ఎమెరీ పేపరులా రుద్దింది. దాని మీద నా 11.1 వోల్టులు. వోల్టేజీ ఒకటిన్నర రెట్లు అయితే మోటారు తిరిగే వేగం కూడా దాదాపు అంతే పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు అయితే దెబ్బలో ఉండే శక్తి రెండుంపావు రెట్లు అవుతుంది. పిల్లాడు నెమ్మదిగానే నడిపాడు. ఎత్తు మీంచి గాల్లోకి లేచి, తిరుగుతున్న చక్రాలతో నేల మీద దిగిన ప్రతిసారీ ఆ భారం మోసింది అరిగిపోయిన బుష్.

ఇప్పుడు చెప్పండి, ఎవరిది గల్తీ?

అందుకే నా వాదన ఇది. విరిగిన బొమ్మకి మన ఇళ్ళలో మూడు రకాల జవాబులు వినిపిస్తాయి, మూడూ తప్పే.

ఒకటి, "పిల్లాడు పగలగొట్టాడు." తిప్పుడు మోసే పుర్జాలు గుద్దితేనే విరగవు, అరిగీ విరుగుతాయి. గుద్దితే విరిగేవి ఎక్కువగా ముందు బంపరు, చక్రాన్ని పట్టుకునే చేతులు, స్టీరింగ్ కడ్డీలు. పళ్ళు వరసగా నున్నగా అరిగి ఉంటే అది గుద్దుడు కాదు, పినియన్‌కీ స్పర్‌కీ మధ్య ఎడం సరిగ్గా లేదని అర్థం. ఒకే చోట రెండు మూడు పళ్ళు ఊడి మిగతావి కొత్తవాటిలా ఉంటే ఎక్కడో ఏదో పట్టేసిందని, లేదా సందులో రాయి పడిందని అర్థం. ముక్కలో రాసి ఉంటుంది భాయ్, చదవడానికి సబర్ కావాలి. మనం పిల్లాడి ముఖం చూసి తీర్పు చెబుతాం, ముక్క చూసి కాదు.

రెండు, "మెటల్ వేయించెయ్." ఇది దుకాణాల్లో బాగా నడిచే సలహా. వినడానికి జబర్దస్త్‌గా ఉంటుంది. కానీ ఇంట్లో ఫ్యూజు కాలిపోతోందని దాని స్థానంలో లావు తీగ చుడితే ఏమవుతుంది? ఫ్యూజు కాలదు, ఇల్లు కాలుతుంది. చిన్న కార్లలో ప్లాస్టిక్ స్పర్ అలాంటి ఫ్యూజే. అది చౌక, నాలుగు స్క్రూలు విప్పితే మారుతుంది. దాన్ని ఇనుము చేస్తే దెబ్బ ఆగదు, ఖరీదైన చోటికి వెళ్ళి తగులుతుంది. మెటల్ వద్దని నేను అనడం లేదు. అరిగే చోట, అంటే కప్పులకీ యాక్సిళ్ళకీ మంచి ఉక్కు పనికొస్తుంది. కానీ కారణం తెలియకుండా తాఖత్ పెంచడం ఇలాజ్ కాదు.

మూడు, "పారేసి కొత్తది కొను." మా ఖాలూ జవాబు. దీన్ని మన పెద్దలు ఫిజూల్ ఖర్చు అనేవాళ్ళు, ఇప్పుడు స్టేటస్ అంటున్నాం. అసలు కొత్తది చౌక అని ఎవరన్నారు? ఆటబొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70 శాతానికి పెరిగింది. నాకు ఆఖరికి అయిన ఖర్చు చూడండి. బేరింగుల సెట్టు, ఒక కప్పు, ఒక పిన్ను, ఒక ప్లాస్టిక్ స్పర్. మొత్తం కలిపి కొత్త కారు ధరలో పదో వంతు కూడా కాలేదు. అంతకుముందు చూడకుండా వేయించిన పార్టులకే దానికంటే ఎక్కువ పోశాను.

ఖర్చు పక్కన పెట్టండి. పారేసి కొన్న కారు మళ్ళీ ఆరు నెలలకి అదే చోట విరుగుతుంది, ఎందుకంటే విరగగొట్టే అలవాటు మారలేదు. పిల్లాడికేమో రెండు పాఠాలు అబ్బుతాయి. విరిగితే తండ్రి తిడతాడు, తరువాత డబ్బుతో సరిపెడతాడు.

ఇక "మెకానిక్‌ని చేస్తావా" అన్న మాట. ఖాలూ, మీరు తొడుక్కున్న ఆ తెల్ల చొక్కా వెనక మీ అబ్బా చేతుల గ్రీజు ఉంది. నా చదువు వెనక మా అబ్బా గ్రీజు ఉంది. మన ఖాందానుల్లో ఎంతమంది దాదాలు, నానాలు లేత్ మిషన్ దగ్గరా, వెల్డింగ్ షెడ్డులోనా, లారీ కిందా పడుకుని మనల్ని పైకి తెచ్చారు? ఆ హునర్‌ని బయటివాళ్ళు తక్కువ చేసి మాట్లాడితే మండిపడతాం. దావత్‌లో మనమే తక్కువ చేసి నవ్వుతాం. మావాడు డాక్టరు కావచ్చు, మాస్టరు కావచ్చు, అది వాడిష్టం. కానీ చప్పుడు విని జబ్బు చెప్పే చెవి వాడికి ఉండాలి. ఆ చెవి మా ఇంటి వారసత్వం. దానికి షరం దేనికి?

"చదువుకునే పిల్లలకి టైమెక్కడిది" అంటారా? ఆ కారులో ఉన్నది చదువే. పినియన్‌కి 20 పళ్ళు, స్పర్‌కి 80 ఉంటే మోటారు నాలుగు చుట్లు తిరిగితే స్పర్ ఒక చుట్టు తిరుగుతుంది. నిష్పత్తుల లెక్క మావాడికి పుస్తకంలో ఎక్కలేదు, చాప మీద ఎక్కింది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కాబట్టి డిఫరెన్షియల్ ఎందుకుందో వాడే చెప్పాడు. జపాన్‌లో తమియా కంపెనీ 1976లో పోర్షే 934ను మొదటి రిమోట్ కారుగా తెచ్చింది. ఆ కంపెనీ పేరు నిలిచిందే కిట్లతో. పెట్టెలో కారు ఉండదు, ముక్కలూ బొమ్మలతో పుస్తకమూ ఉంటాయి. గేర్‌బాక్సు మొదలుకుని చేత్తో బిగించుకుంటేనే కారు అవుతుంది. చేత్తో బిగించినవాడికి విప్పడం భయం కాదు. మనం పిల్లలకి తయారు సరుకు ఇచ్చి, స్క్రూడ్రైవర్ అందకుండా దాచి, తరువాత "దీనికి దిమాగ్ లేదు" అంటాం.

సరే, చూడటం ఎలా అంటారేమో. మా ఇంటి పద్ధతి చెబుతాను. పెద్ద ఔజార్లు అక్కర్లేదు.

మొదట బ్యాటరీ తీగ పీకెయ్యండి. వేళ్ళు గేర్ల దగ్గర ఉండగా మోటారు తిరిగితే నవ్వులాట కాదు. తరువాత చక్రాన్ని మూడు రకాలుగా కదపండి. పైకీ కిందికీ ఊగితే బుష్ లేదా బేరింగు పోయింది. లోపలికీ బయటికీ జరిగితే యాక్సిల్ మీద సన్నటి వాషర్ తక్కువైంది. ముందుకీ వెనక్కీ తిప్పినప్పుడు చాలాసేపు ఖాళీగా తిరిగి ఆ తరువాత పట్టుకుంటే కప్పు గానీ, అడ్డపిన్ను గానీ, చక్రం వెనక ఉండే ఆరు మూలల హెక్స్ గానీ అరిగింది. హెక్స్ అరగడానికి ఎక్కువసార్లు కారణం చక్రం నట్టు వదులుగా ఉండటమే.

తరువాత స్పర్‌ని వేలితో ఆపి ఒక వెనక చక్రం తిప్పండి. రెండోది ఎదురు దిక్కులో నున్నగా తిరగాలి. గరగర అంటే డిఫరెన్షియల్ విప్పాల్సిందే. డాగ్‌బోన్ పక్కన స్టీల్ స్కేలు ఆనించండి. సందులోంచి వెలుతురు కనపడితే అది వంగింది. వంగినదాన్ని కొట్టి సరిచేసి వాడకండి, మార్చండి. కప్పులో పిన్ను ఆనే గోడకి గుంట పడిందేమో చూడండి. కారు ఎక్కువగా ముందుకే పోతుంది కాబట్టి గుంట ఒకవైపు గోడకే పడుతుంది. కుడికీ ఎడమకీ ఒకే పార్టు అయితే అటుదిటు మార్చండి, అరగని గోడ పనిలోకి వస్తుంది. పైసా ఖర్చు లేకుండా కప్పుకి ఇంకో ఉమ్ర్ దొరుకుతుంది.

పినియన్, స్పర్ మధ్య ఎడానికి నోటుబుక్ కాగితం చాలు. సన్నటి చీలిక ఒకటి పళ్ళ మధ్య పెట్టి, మోటారుని ఆనించి స్క్రూలు బిగించి, కాగితం తిప్పి బయటికి తీయండి. మడతలు పడాలి, చిరగకూడదు. ఈ పని మా ఇంట్లో తొమ్మిదేళ్ళ బేటీ మా ఇద్దరికంటే బాగా చేస్తుంది. ఆడపిల్లకి ఇదెందుకు అనే నసీహత్ దయచేసి మా ఇంటికి పంపకండి. పినియన్ని మోటారు కడ్డీకి పట్టి ఉంచే చిన్న స్క్రూ, కడ్డీ మీద చదునుగా ఉన్న చోటే ఆనాలి. ఇనుముకి ఇనుము బిగించే చోట నీలం రంగు లాకింగ్ జిగురు ఒక చుక్క వెయ్యండి, ప్లాస్టిక్ మీద మాత్రం పడనివ్వకండి. కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పగులుతాయి. మూత లేని గేర్లకి గ్రీజు వద్దు. దుమ్ములో ఆడే కారైతే బ్రష్షుతో దులపండి.

బుష్‌ల చోట బాల్ బేరింగులు వెయ్యండి. కొలత మూడంకెల్లో చెబుతారు. 5×10×4 అంటే లోపలి బొక్క 5, బయట 10, మందం 4 మిల్లీమీటర్లు. మట్టిలో ఆడేవాళ్ళు రబ్బరు మూత ఉన్నవి అడగండి.

ఒక మాట ఒప్పుకోవాలి. కొన్ని బొమ్మలు నిజంగానే బాగుచెయ్యలేం. గేర్‌బాక్సు అతికించేసి ఉంటుంది, విడి పార్టు దొరకదు. దానికి కసూర్ బొమ్మది కాదు, అలా చేసినవాళ్ళదీ, అడగకుండా కొన్న మనదీ. మన దేశంలో మరమ్మతు హక్కు మీద వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో కమిటీ వేసింది. మొదట గుర్తించిన రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, ఇంటి ఉపకరణాలు, వాహనాలు. పిల్లల బొమ్మలు అందులో లేవు. కాబట్టి ఆ హక్కు మనమే దుకాణంలో అడగాలి. "స్పర్ గేరు విడిగా దొరుకుతుందా? డాగ్‌బోన్ దొరుకుతుందా? పార్టుల నంబర్లున్న బొమ్మ కాగితం ఉందా?" మూడిటికీ లేదంటే పర్సు జేబులోనే ఉంచండి. ఎంత స్పీడు పోతుంది అని మాత్రమే అడిగి కొంటే నాలాగే అవుతుంది.

మా కారు ఇప్పుడు 7.4 వోల్టుల మీద నడుస్తోంది. మెటల్ స్పర్ తీసేసి ప్లాస్టిక్‌ది వేశాం. పెద్ద బ్యాటరీ అల్మారాలో ఉంది. మావాడే వద్దన్నాడు.

ఆ ఇత్వార్ నాడు బుష్ బయటికి తీసి, కోడిగుడ్డు బొక్క వాడికి చూపించి, "మాఫ్ కర్ దే బేటా, తప్పు నాది" అన్నాను. వాడు నావైపు చూడలేదు. బుష్‌ని వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూసి, బిస్కెట్ల డబ్బాలో మిగతా ముక్కల పక్కన పెట్టాడు. కాసేపటికి, "ఎడమవైపు కూడా విప్పుదామా అబ్బా, అదీ మొదలయ్యుంటుంది" అన్నాడు.

విప్పాం. మొదలయ్యే ఉంది.

ఖాలూ, ఈ ఇత్వార్ మీ మనవడి కారు కూడా పట్టుకు రండి. అల్మారా మీద ఏడాదిగా పడి ఉందని విన్నాను. పారేయకండి. ముందు చక్రం ఊపి చూద్దాం.